ప్రేమ లేదని పాడిన పాట ప్రేమగీతంగా ఎలా నిలిచింది? టెన్ సీసీ ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ (1975)

ప్రశ్న: పాతబాణీ

బ్రిటన్‌కు చెందిన టెన్ సీసీ బృందం 1975లో విడుదల చేసిన ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ పాట గురించి, రికార్డింగ్ పని తెలిసినవారినీ పాత ఇంగ్లీషు పాటలు శ్రద్ధగా వినేవారినీ రెండు విషయాలు అడగదలచుకున్నాను.

మొదటిది సాంకేతికమైనది. పాట మొదలైన కాసేపటికే గాయకుడి గొంతు వెనక ఒక పెద్ద గాయకబృందం లేచి, ఊపిరి పీల్చుకోవడానికైనా ఆగకుండా చివరిదాకా నిలిచి ఉంటుంది. కంప్యూటర్లు స్టూడియోల్లోకి రాని ఆ రోజుల్లో, నలుగురే ఉన్న బృందం ఆ శబ్దాన్ని ఎలా సాధించింది? ఏదైనా చర్చి గాయకబృందాన్ని పిలిపించారా, లేక అప్పట్లో వాడుకలో ఉన్న మెలోట్రాన్ అనే కీబోర్డు వాయించారా?

రెండోది భావానికి సంబంధించినది. పాడుతున్న మనిషి మొదటి మాట నుంచీ తాను ప్రేమలో లేనని, ఇదేదో తెలివితక్కువ దశ మాత్రమేనని, ఫోన్ చేసినంత మాత్రాన హడావుడి పడవద్దని, తమ సంగతి స్నేహితులకు చెప్పవద్దని అంటూనే ఉంటాడు. ఆమె ఫొటోను గోడకు తగిలించింది కూడా అక్కడున్న మరకను కప్పడానికేనంటాడు. ఇన్నిసార్లు కాదు కాదన్న పాటను యాభై ఏళ్లుగా జనం ప్రేమగీతంగానే ఎందుకు వింటున్నారు? టెన్ సీసీ వ్యంగ్యానికి పేరుపడ్డ బృందం కాబట్టి, ప్రేమపాటలను ఎగతాళి చేయడానికే దీన్ని రాశారేమో అన్న అనుమానం కూడా నాకుంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: మిక్సింగ్‌బల్ల

పాతబాణీ గారూ, ఆ పాటలో చర్చి గాయకబృందమూ లేదు, మెలోట్రానూ లేదు. మెలోట్రాన్‌లో ఒక్కో మీటకు ఒక్కో టేపు ముక్క అమర్చి ఉంటుంది. మీట నొక్కి పట్టుకుంటే సుమారు ఎనిమిది సెకన్లకు ఆ ముక్క అయిపోయి స్వరం తెగిపోతుంది కాబట్టి, మీరు గమనించిన ఆ ఎడతెగని గుణం దానితో రాదు. మీరు వింటున్నవన్నీ బృంద సభ్యుల గొంతులే. అవి అక్కడికి ఎలా చేరాయో చెప్పాలంటే, ఒకసారి చెడిపోయిన పాట మళ్లీ ఎలా బతికిందో కూడా చెప్పాలి.

పాటను రాసినవారు ఎరిక్ స్టూవర్ట్, గ్రాహం గూల్డ్‌మన్. ‘నన్ను ప్రేమిస్తున్నానని నువ్వు తరచుగా ఎందుకు చెప్పవు’ అని స్టూవర్ట్ భార్య గ్లోరియా అడిగారట. రోజూ అదే మాట అంటూ పోతే దానికి విలువ లేకుండా పోతుందని ఆయనకు అనిపించింది. ఆ మాట అనకుండానే ఆ సంగతి చెప్పడం ఎలాగన్న ఆలోచన నుంచి, కాదంటూనే ఒప్పుకునే ఈ పాట పుట్టిందని ఆయనే తరవాత చాలాసార్లు చెప్పారు. మొదట దీన్ని బోసా నోవా అనే బ్రెజిల్ సంగీతపు లయలో, గిటార్లతో, మామూలు బాణీలో రికార్డు చేశారు. బృందంలోని మిగతా ఇద్దరికి, అంటే కెవిన్ గాడ్లీకి, లాల్ క్రీమ్‌కు అది బొత్తిగా నచ్చలేదు. గాడ్లీ అయితే మొహమాటం లేకుండా తీసిపారేశారు. పాటను పక్కన పెట్టేసి, టేపును కూడా చెరిపేశారు.

అయితే స్టూడియోలో పనిచేసేవాళ్లు నడవాల్లో తిరుగుతూ ఆ బాణీని కూనిరాగంగా తీస్తూనే ఉండడం స్టూవర్ట్ చెవిన పడింది. ఆయన మళ్లీ ఆ ప్రస్తావన తెచ్చినప్పుడు, దీన్ని చేయవలసిందే అయితే వాద్యాలన్నీ వదిలేసి కేవలం గొంతులతో చేద్దామని సూచించినది, మొదట కాదన్న గాడ్లీయే. అన్ని గొంతులను ఎక్కడి నుంచి తెస్తామన్న ప్రశ్నకు టేపు లూపులు అన్న జవాబు క్రీమ్ ఇచ్చారు.

పని ఇలా జరిగింది. గూల్డ్‌మన్, గాడ్లీ, క్రీమ్ ముగ్గురూ ఒకే మైకు చుట్టూ నిలబడి ఒకే స్వరాన్ని ‘ఆ’కారంలో సాగదీసి పాడేవారు. స్టూవర్ట్ లోపల కూర్చుని రికార్డు చేసేవారు. ఒక స్వరాన్ని అలా పదహారుసార్లు పాడితే, ముగ్గురి గొంతులు కలిసి 48 అవుతాయి. ఆ నలభై ఎనిమిదింటినీ ఒక స్టీరియో టేపు మీదికి దించి, ఆ టేపులో కొన్ని అడుగుల పొడవు కత్తిరించి, రెండు కొసలూ అతికించి వలయంగా చేశారు. అంత పొడుగు వలయం టేపు యంత్రం మీద పట్టదు. అందుకని దాన్ని యంత్రం బయటికి లాగి, కొంత దూరంలో నిలబెట్టిన బరువైన మైకు స్టాండు తలమీది చిన్న కప్పీ చుట్టూ తిప్పి, మళ్లీ యంత్రంలోకి పంపారు. వలయం ఎంత పొడుగైతే అతుకు అంత ఆలస్యంగా తిరిగి వస్తుంది, అందువల్ల వినేవాడి చెవికి తగలదు. ఇలా తిరుగుతున్న లూపును (వలయాన్ని) బహుళ ట్రాకుల టేపు, అంటే ఒక్కో శబ్దాన్ని విడివిడి వరసల్లో పట్టి ఉంచే టేపు మీదికి నిమిషాల తరబడి ఎక్కించి, తరవాతి స్వరానికి వెళ్లేవారు. మొత్తం పదమూడు స్వరాలకు ఇదే తంతు. నలభై ఎనిమిదిని పదమూడుతో హెచ్చిస్తే 624. ఆ పాటలో వినిపించే గాయకబృందం సంఖ్య అదే. దీనికి వారికి మూడు వారాలు పట్టింది.

ఇక నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచే ఘట్టం ఇది. వారి యంత్రం పదహారు ట్రాకులది. అందులో పదమూడు ట్రాకుల నిండా, ఒక్కో ట్రాకులో ఒక్కో స్వరం చొప్పున, గొంతులే ఉన్నాయి. అప్పుడు ఆ ట్రాకుల శబ్దాలను కలిపే బల్ల, అంటే మిక్సింగ్ కన్సోలే వారికి వాద్యమైంది. నలుగురూ దాని ముందు చేరి, ఒక్కో ట్రాకు శబ్దాన్ని హెచ్చించి తగ్గించే జారుడు మీటలైన ఫేడర్లను కొన్నేసి ఒక్కొక్కరు పంచుకుని, పాటలో ఏ కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వచ్చినప్పుడు ఆ కార్డుకు కావలసిన స్వరాల ఫేడర్లు పైకి జరుపుతూ, మిగతావి దించుతూ, గాయకబృందాన్ని చేతులతో వాయించారు. ఫేడర్లు పూర్తిగా అడుగుకు చేరకుండా కింద అంటుకునే టేపు వేసి అడ్డం పెట్టారు. అందువల్ల కార్డులో లేని స్వరాలు కూడా అతి సన్నగా, వినీ వినపడనట్టుగా, పాట పొడుగునా వెనక ఉంటూనే ఉంటాయి. కచేరీలో గాయకుడి వెనక తంబుర ఆగకుండా మోగుతున్నట్టే ఇదీ అనుకోవచ్చు గానీ, తంబుర షడ్జ పంచమాలకు కట్టుబడి ఉంటుంది, ఇక్కడ స్వరస్థానాలన్నీ ఒకేసారి పొగమంచులా కమ్ముకుని ఉంటాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాయకుడు ఆగిన చోట్ల వెనక ఏముందో వినండి. నిశ్శబ్దం ఎక్కడా దొరకదు.

ఆ గొంతుల మీద వేసినవి చాలా తక్కువ. స్టూవర్ట్ వాయించిన ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో, గూల్డ్‌మన్ రిథమ్ గిటారు, డ్రమ్ముకు బదులు మూగ్ సింథసైజర్ మీద తయారుచేసిన మెత్తని దరువు, మధ్యలో గూల్డ్‌మన్ బేస్ గిటార్ సోలో, దానితోపాటు పిల్లలు ఆడుకునే మ్యూజిక్ బాక్స్ చప్పుడు.

మధ్యలో ఒక స్త్రీ గొంతు, మగపిల్లలు ఏడవకూడదు, ఊరుకో అన్న అర్థం వచ్చే మాటలను గుసగుసగా పలుకుతుంది కదా. ఆమె ఆ స్టూడియో రిసెప్షనిస్టు క్యాథీ రెడ్‌ఫర్న్. ఆ మాటలు క్రీమ్‌కు అంతకుముందే తోచాయి గానీ, ఎవరిచేత చెప్పించాలో తేలలేదు. ఆ సమయంలో ఆమె తలుపు మెల్లగా తీసి, పనికి భంగం కలగకుండా లోగొంతుకతో, ఎరిక్‌కు ఫోన్ వచ్చిందని చెప్పారట. క్రీమ్ ఎగిరి లేచి, మనకు కావలసిన గొంతు ఇదేనన్నారు. ఆమె మొదట తటపటాయించారు. ఆ తరవాత ఒప్పుకుని పలికిన ఆ కొద్ది మాటలే పాటలో ఉన్నాయి.

సమాధానం: రేడియోశ్రోత

పైన మిత్రులు చెప్పిన మూడు వారాలు ఎలా సాధ్యమయ్యాయో కూడా చెప్పుకోవాలి. అప్పట్లో స్టూడియో అద్దె గంటల లెక్కన కట్టాల్సి వచ్చేది. ఒకసారి చెరిపేసిన పాట కోసం అన్ని రోజులు ‘ఆ’ అంటూ పాడడానికి ఏ రికార్డు కంపెనీ ఒప్పుకుంటుంది? కానీ మాంచెస్టర్ పక్కనున్న స్టాక్‌పోర్ట్‌లోని ఆ స్ట్రాబెరీ స్టూడియో వారి సొంతం. 1960ల చివరలో దాన్ని నెలకొల్పినవారిలో స్టూవర్ట్ ఒకరు, గూల్డ్‌మన్ తరవాత అందులో పెట్టుబడి పెట్టారు. లండన్ వెళ్లనక్కర్లేకుండా తమ ఊళ్లోనే రికార్డింగ్ జరగాలన్న పట్టుదలతో పెట్టుకున్న ఆ స్టూడియో లేకపోతే, ఈ పాట బోసా నోవా దశలోనే పోయేదని నా నమ్మకం.

ఇక జనం ఎలా అందుకున్నారన్న విషయానికి వస్తే, ఈ పాటకు మొదటి శ్రోతలు కంపెనీవాళ్లేనని చెప్పాలి. చిన్న కంపెనీతో ఉన్న ఒప్పందం వల్ల బృందానికి డబ్బు ఇబ్బందిగా ఉన్న రోజులవి. ఫోనోగ్రామ్ సంస్థవారిని పిలిచి ఈ పాట వినిపించిన తరవాతే, దాదాపు పది లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంత చేసీ ఈ పాట ఉన్న ఆల్బం నుంచి మొదటి సింగిల్‌గా (విడిగా అమ్మే పాటగా) వేరే పాటను, హుషారైన ‘లైఫ్ ఈజ్ ఎ మినెస్ట్రోన్’ను విడుదల చేశారు. ఆరు నిమిషాల నెమ్మదైన పాటను రేడియోవాళ్లు వేస్తారో వేయరో అన్న సందేహం అప్పట్లో సహజం. మే నెలలో ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ సింగిల్‌గా వచ్చాక, జూన్ చివరికి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి రెండు వారాలు అక్కడ ఉంది. అమెరికాలో నాలుగు నిమిషాల లోపుకు కుదించి విడుదల చేశారు. అక్కడ ఆదరణను బట్టి పాటలకు వారం వారం స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ జాబితాలో మూడు వారాలు రెండో స్థానంలో ఉండిపోయింది. ఆ మూడు వారాలూ దాని పైన ఉన్న పాట ఒక్కటి కాదు. వాన్ మెక్‌కాయ్ ‘ద హసల్’, ఈగల్స్ ‘వన్ ఆఫ్ దీజ్ నైట్స్’, బీజీస్ ‘జైవ్ టాకిన్’ వారానికొకటి చొప్పున పైకెక్కాయి. డిస్కో ఊపందుకుంటున్న ఆ ఎండాకాలంలో, డ్రమ్ములే లేని పాట అంత ఎత్తుకు వెళ్లడమే ఆశ్చర్యం. మరుసటి ఏడాది బ్రిటన్‌లో పాటల రచనకు ఇచ్చే ఐవర్ నొవెల్లో పురస్కారాలూ దీనికి దక్కాయి.

పాతబాణీ గారి ఎగతాళి అనుమానం నాటి శ్రోతల్లోనూ ఉండి ఉండవచ్చు. 1972లో ‘డోనా’, 1973లో ‘రబ్బర్ బుల్లెట్స్’ పాటలతో పేరు తెచ్చుకున్న బృందమిది. రెండూ పాత బాణీలను అనుకరిస్తూ నవ్వించే పాటలే. ఆ అలవాటుతో విన్నవారికి ఇదీ ఒక చమత్కారమే అనిపించడం సహజం. కానీ నవ్వించదలచుకున్న చోట టెన్ సీసీ ఎన్నడూ దాచుకోలేదు, లయలోనో పలుకుబడిలోనో కన్ను గీటుతారు. ఇందులో మొదటి నుంచి చివరిదాకా అలాంటి చోటు ఒక్కటీ నాకు దొరకలేదు.

సమాధానం: మూడోచరణం

అందరూ మెచ్చుకుంటున్న చోట కొంచెం విభేదించడానికి అనుమతించండి. శబ్దం గురించి మిక్సింగ్‌బల్ల గారు చెప్పినదంతా శిరోధార్యమే. నా అభ్యంతరం సాహిత్యంతో. పాడే మగవాడు తనకు ప్రేమ ఉందని ఒప్పుకోలేని నిస్సహాయుడని మనమంతా జాలిపడుతున్నాం. అవతలి మనిషి వైపు నుంచి ఒక్కసారి వినండి. ఫోన్ చేస్తాడు, చేసినందుకు సంతోషించవద్దంటాడు. ఆమెను చూడాలని ఉందంటాడు, అంతమాత్రాన ఆమె తనకు ఏదో అవుతుందని అనుకోవద్దంటాడు. తమ సంబంధం ఎవరికీ తెలియకూడదంటాడు. చివరికి, నువ్వు నాకోసం చాలాకాలం ఎదురుచూస్తావని ఆమెకే జోస్యం చెబుతాడు. తన గుట్టు కాపాడుకోవడానికి అతను చేసే ప్రతి పనికీ మూల్యం చెల్లించేది ఆమే. గ్లోరియా గారు అడిగినది చిన్న మాట, దానికి జవాబుగా వచ్చినది 624 గొంతులు. ఆ జవాబు ఎంత అందంగా ఉన్నా, అడిగిన ఆ చిన్న మాట మాత్రం ఇందులో లేదు కదా.

ఈ కారణంగానే 1993లో ప్రిటెండర్స్ బృందం చేసిన రూపం నాకు మరింత నచ్చుతుంది. అక్కడ ఇదే నిరాకరణను క్రిస్సీ హైండ్ అనే స్త్రీ పాడుతుంది. అదే మాట ఆమె నోట వచ్చినప్పుడు, పైచేయి ఎవరిదన్న లెక్క తారుమారవుతుంది.

పాతబాణీ

ముగ్గురికీ కృతజ్ఞతలు. మిక్సింగ్‌బల్ల గారి వివరణ చదివాక హెడ్‌ఫోన్లతో మళ్లీ విన్నాను. గాయకుడు ఆగినచోట వెనక సన్నగా నిలిచి ఉండే ఆ పొర ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. నా రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉందనిపిస్తోంది. నోటితో వద్దన్నదాన్ని వెనకున్న గొంతులు వదలడం లేదు. మూడోచరణం గారి మాటను కూడా తోసిపుచ్చలేను. వెనకున్న గొంతులు శ్రోతలమైన మనకు వినిపిస్తాయి గానీ, పాటలోని ఆ స్త్రీకి ఫోనులో వినిపించేవి అతని మాటలు మాత్రమే. ఇంకొక్క సందేహం: గొంతుల ఆలోచన గాడ్లీది, లూపుల ఆలోచన క్రీమ్‌ది అయినప్పుడు, పాట రచయితలుగా మిగతా ఇద్దరి పేర్లే ఎందుకున్నాయి?

సమాధానం: మిక్సింగ్‌బల్ల

మూడోచరణం గారి అభ్యంతరం న్యాయమైనదే. అందులో ఒక్క చోట మాత్రం నా అభిప్రాయం వేరు. మధ్యలో వచ్చే ఆ గుసగుసను లెక్కలోకి తీసుకోవాలి. పాట మొత్తంలో ఆ మగవాడి గుట్టు బయటపెట్టేది అదే. అతను ప్రేమలో లేకపోతే, ఏడవవద్దని ఎవరైనా ఎందుకు ఓదారుస్తారు? అది ఆమె గొంతో, చిన్ననాటి తల్లి గొంతో తేల్చకుండా వదిలేశారు. 2014లో వచ్చిన ‘గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ’ సినిమా మొదటి దృశ్యంలో, తల్లి మరణశయ్య మీద ఉండగా ఆస్పత్రి వరండాలో కూర్చున్న పిల్లవాడు వాక్‌మన్‌లో వినేది ఈ పాటే. ఈ పాటకు ప్రియురాలితో సంబంధం లేని అర్థం కూడా ఒకటుందని ఆ దర్శకుడికి బాగా తెలుసు.

ఇక పేర్ల సంగతి. బాణీ, సాహిత్యం సమకూర్చినవారినే రచయితలుగా లెక్కించడం ఆ రోజుల్లో, చాలావరకు ఈ రోజుల్లో కూడా, రివాజు. రికార్డింగులో వచ్చిన ఆలోచన ఎంత గొప్పదైనా దాన్ని రచనగా పరిగణించరు. ఆ లెక్కన ఆ చెరిపేసిన బోసా నోవా రూపానికీ, మనం వింటున్న పాటకూ రచన ఒక్కటే. కానీ మొదటిది వినడానికి మనలో ఎవరికీ మిగల్లేదు, రెండోది యాభై ఏళ్లుగా వింటున్నాం. నాకైతే ఈ పాటకు నలుగురూ రచయితలే.

ఆ బృందం రెండు జంటల కలయిక. స్టూవర్ట్, గూల్డ్‌మన్ 1960ల నుంచి పాప్ పాటల పనిలో ఆరితేరినవారు. యార్డ్‌బర్డ్స్‌కు ‘ఫర్ యువర్ లవ్’, హాలీస్‌కు ‘బస్ స్టాప్’ రాసినది గూల్డ్‌మనే. గాడ్లీ, క్రీమ్ ఆర్ట్ కళాశాలల నుంచి వచ్చినవారు, ఏదైనా సరే ఇంతవరకు ఎవరూ చేయని పద్ధతిలో చేయాలనేవారు. మొదటి జంట రాసిన పాటను రెండో జంట కాదనడం, కాదన్నవారే దారి చూపించడం, దాన్ని మొదటి జంట పట్టుదలగా పూర్తి చేయించడం, అంతా ఈ ఒక్క పాటలో జరిగింది. 1976లో గాడ్లీ, క్రీమ్ విడిపోయి, గిటారు తీగలను కమానుతో వాయించినట్టు మోగించే గిజ్మో అనే తమ పరికరం చుట్టూ మూడు ఎల్పీల ఆల్బం చేశారు. తరవాత మ్యూజిక్ వీడియోల దర్శకులుగా స్థిరపడ్డారు. స్టూవర్ట్, గూల్డ్‌మన్ టెన్ సీసీ పేరుతోనే కొనసాగి ‘ద థింగ్స్ వి డూ ఫర్ లవ్’ వంటి చక్కని పాటలు చేశారు. అందులో బాణీ ఉంది, పనితనం ఉంది, రేడియోకు సరిపోయే నిడివీ ఉంది. గిజ్మో ఆల్బంలో ఎవరూ వినని శబ్దాలున్నాయి. రెండూ వరసగా విని చూడండి, ఎవరి దగ్గర ఏది మిగిలిందో మీకే తెలుస్తుంది.